నా వాదమే నాచేత కథ వ్రాయిస్తోంది

కావలి, 1962

అక్కయ్యకు తమ్ముడు చెంచురామయ్య నమస్కారాలు. నేను క్షేమం.

ప్రేరణ రాక కథలు మానేశానని క్రిందటి కార్డులో వ్రాసి నిన్ను దిగులుపెట్టాను. ఇక ఆ దిగులు వద్దు. మొన్న కళాశాల చర్చాపోటీలో పక్షాలకు చీట్లు తీశారు. ‘రచయిత ప్రేరణకోసం కాచుకోనక్కరలేదు, రోజూ కూర్చుంటే చాలు’ అనే పక్షం నాకు పడింది. ఆ మాట నేనేనాడూ నమ్మలేదు. అయినా ఓడిపోవడం నాచేత కాదు గనుక, ఎదుటివారి వాదాన్ని ముక్కలు చేసి బహుమతి గెలిచాను. వేదిక దిగగానే, నాచేతిలో ఓడిన హజరత్తయ్య అడ్డం నిలిచాడు.

“గెలిచినావు గదా సామీ! ఇంకేం సాకు చెప్తావు? రేపు తెల్లారి కూర్చో, నేను కాపలా ఉంటా.”

మరునాటినుంచి కూర్చుంటున్నాను. మొదట కాగితాలు చింపాను. ఇప్పుడు కథ పరుగెడుతోంది, ఆనందం పట్టలేకున్నాను.

ఒక సహాయం చెయ్యి. కథలో ఒక ముసలమ్మ పోట్లాడాలి. నా కలానికి సభామర్యాద తప్ప రావడం లేదు. ఈమధ్య పొరుగువారి బర్రె నారుమడి తొక్కినప్పుడు కామమ్మ పిన్ని అన్న మాటలు ఒక్కటీ విడవకుండా వ్రాసి పంపు. నీవు సిగ్గుపడితే బావగారిచేత వ్రాయించు.

ఆయనకు నమస్కారాలు, పాపకు ఆశీస్సులు. పిన్నిని మాత్రం ఎవరూ సముదాయించవద్దు. నా కథ ముగిసేదాకా ఆమె కోపం చల్లారకూడదు.