పాట పూర్తయ్యేదాకా అప్‌డేట్ ముట్టుకోను

తారీఖు 2, సోమవారం

ఉదయం 9:10. ఒట్టేశాను! అక్క పాట అక్క చేతికిచ్చేదాకా సాఫ్ట్‌వేర్‌ని అప్‌డేట్ చేయను. కొత్త ప్లగిన్ ఒక్కటి కూడా ఎక్కించను. కొత్త వాయిద్యం, కొత్త ప్రతిధ్వని అంటూ దాని నెత్తిన తగిలించుకునే సరంజామా ఏదీ వద్దు. ఉన్నవాటితోనే కానిస్తాను. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మానిటర్ అంచున అంటించాను: ముట్టుకోను!

ఎందుకో కూడా రాసి పెట్టుకోవాలి. లేకపోతే వారం తిరక్కుండా మర్చిపోతాను. నేను పాటలు కట్టే ఈ సాఫ్ట్‌వేర్‌కి మా ఇంట్లో పేరు మహారాణి. కోపమొస్తే చెప్పదు. ఉలకదు, పలకదు, తెర తెల్లబోతుంది, అంతే, పోతుంది. కిందటేడు అక్క డాన్సు స్కూలు ప్రదర్శనకి రెండు రోజుల ముందు అప్‌డేట్ చేశాను. పాట గల్లంతు. అక్క మైకులో "ఒకటీ రెండూ మూడూ నాలుగూ" అని లెక్కపెడుతుంటే ఇరవై మంది పిల్లలు ఆడారు. ఆ తర్వాత నాలుగు నెలలు అక్క నాతో మాట్లాడలేదు.

11:30. అక్క వచ్చింది, మోకాలికి పట్టీతో. పంతొమ్మిదిన ప్రదర్శన. ఇరవైనాలుగున మోకాలి ఆపరేషన్.

"డాక్టరు ఇక స్టేజి ఎక్కొద్దన్నాడ్రా. ఇదే ఆఖరు. పదకొండు నిమిషాలు, నేనొక్కదాన్నే. ఈసారి గానీ ముంచావో, నాకు తమ్ముడే లేడనుకుంటాను."

పాట ఎలా నడుస్తుందో మా టేకు బల్ల మీద రెండు చేతులతో వాయిస్తూ, కూనిరాగం తీస్తూ చివరిదాకా వినిపించాను. అసలు పాట వచ్చేలోగా సాధన చేసుకుంటానని అక్క తన ఫోన్‌లో రికార్డు చేసుకుంది. నాలుగో నిమిషంలో, ఎదురుగా తెర మీద తెరిచి ఉన్న మహారాణి నా కళ్ళముందే పోయింది. నోరు ఊరుకుంటుందా? ఒక తిట్టు జారింది. అదీ రికార్డయింది.

"అక్కడ చెరిపెయ్యక్కా."

"నాకు చెరపడం రాదు" అని వెళ్ళిపోయింది.

తారీఖు 4, బుధవారం

మూడు నిమిషాల పాట సిద్ధం! డ్రమ్స్ అయ్యాయి, వయొలిన్లు అయ్యాయి. నిన్నట్నించి మహారాణి పోయిన సార్లు: సున్నా. నిగ్రహం అంటే ఇదీ. ఇన్నాళ్ళూ తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నా చేతి దురదది.

మా ఆవిడకి చెప్పాను. తను లెక్కల టీచరు. "రెండు రోజులకే సగటు తీయకండి" అంది.

తారీఖు 6, శుక్రవారం

ఉదయం 10:00. ఫ్లూట్ ఆయన వచ్చాడు.

10:40. ఎంత బాగా వాయించాడంటే నేను సేవ్ నొక్కడం మర్చిపోయాను.

10:41. తెర తెల్లబోయింది.

ఫ్లూట్ ఆయన్ని మళ్ళీ వాయించమన్నాను. "ఇందాకటిలాగే వాయించమంటారు. ఇందాక ఎలా వాయించానో నాకు మాత్రం ఏం తెలుసండీ?" అన్నాడు. వాయించాడు. బాగానే ఉంది. బాగానే ఉందంటే ఏమిటో అందరికీ తెలుసు.

సాయంత్రం 4:00. కంపెనీ వాళ్ళకి రాస్తే జవాబొచ్చింది. మీ అనుభవం మాకెంతో విలువైనదట. కంప్యూటర్ ఒకసారి ఆపి మళ్ళీ వేయాలట. ఆహా! ఆపడం మహారాణి చేస్తోంది, వేయడం నేను చేస్తున్నాను. పని ఎప్పుడో పంచుకున్నాం నాయనా!

తారీఖు 9, సోమవారం

జ్ఞాని ఫోన్ చేశాడు. పక్క వీధిలో స్టూడియో ఉంది అతనికి. నాలుగు వందల ప్లగిన్లున్నాయి. మూడేళ్ళలో ఒక్క పాట పూర్తి చేసిన పాపాన పోలేదు.

"నువ్వింకా ఆ పాత వెర్షన్‌లోనే ఉన్నావా?" అన్నాడు, నేనింకా గుహలో ఉన్నానన్నట్టు.

కొత్త ప్రతిధ్వని ఒకటి పంపాడు. పెట్టుకుంటే ఫ్లూట్ పెద్ద రాతి మండపంలో వాయించినట్టు ఉంటుందట.

మధ్యాహ్నం 2:15. ఎక్కించాను. ప్రతిధ్వని వాయిద్యం కాదు కదా. అది గది. నేనొక గది తెచ్చుకున్నాను, అంతే. ఒట్టుకి గదులు వర్తించవు.

తారీఖు 11, బుధవారం

మహారాణి పోయిన వేళలు: 9:20. 9:50. 10:05. 11:30 (ఈసారి నేను ముట్టుకోను కూడా ముట్టుకోలేదు, చూశాను). 2:10. 3:45.

అక్క ఫోన్. "నీ బల్ల భలే పలుకుతోందిరా. అసలు పాట ఎప్పుడు?"

"రేపక్కా."

ఎనిమిది నిమిషాలైంది. మూడే మిగిలాయి. మూడు నిమిషాలు ఒక లెక్కా?

తారీఖు 13, శుక్రవారం

ఉదయం 11:00. తెర మీద కబురు. కొత్త వెర్షన్ వచ్చిందట. "మధ్యలో ఆగిపోయే సమస్యలు పరిష్కరించాం." అంటే సమస్య ఉందని వాళ్ళకీ తెలుసు! ఇన్నాళ్ళూ నన్ను ఆపి వేయమన్నారు!

11:10. ఆలోచిస్తున్నాను. అప్‌డేట్ వేరు, మరమ్మతు వేరు. ఇల్లు కారుతుంటే కప్పు వేయించుకోమా?

11:15. మా ఆవిడ స్కూలు నుంచి త్వరగా వచ్చింది. మానిటర్ వైపు వేలు చూపించింది. "ఆ కాగితం మీద ఏం రాసుందో ఒకసారి పైకి చదవండి."

చదివాను. కాగితం తీసి సొరుగులో పెట్టాను. మానిటర్‌కి గాలి ఆడటం లేదు మరి.

మధ్యాహ్నం 2:20. అప్‌డేట్ అయింది! చకచకా తెరుచుకుంది! పాత ఫైలుని కొత్త పద్ధతిలోకి మార్చమంటారా అని వినయంగా అడిగింది. మార్చమన్నాను.

2:50. పాట తెరుచుకోవడం లేదు. తెరవగానే పోతోంది.

3:30. ఇంకా అంతే.

తారీఖు 14, శనివారం

కంగారు లేదు. నేనేమైనా వెర్రివాడినా? నాలుగు కాపీలు దాచాను.

ఉదయం 9:05. మొదటి కాపీ కొత్త వెర్షన్‌లో తెరిచి చూశాను. మార్చమంటారా అంది. మార్చమన్నాను. పోయింది.

9:12. రెండో కాపీ. మొదటిదానిలో ఏదో లోపం ఉండి ఉంటుంది. పోయింది.

9:20. మూడోది. పోయింది.

9:31. నాలుగోది ఒక్కటే మిగిలింది కాబట్టి చాలా జాగ్రత్తగా తెరిచాను. పోయింది.

మా ఆవిడకి చెప్పాను. "నిప్పు కాలుతుందో లేదో తెలుసుకోవడానికి నాలుగు వేళ్ళూ పెట్టి చూశారా?" అంది.

తారీఖు 16, సోమవారం

పాత వెర్షన్ మళ్ళీ ఎక్కించాను. "ఈ ఫైలు నాకంటే కొత్తది, తెరవలేను" అంది. అవును తల్లీ, నేనే కొత్తది చేశాను, ఐదుసార్లు.

వాయించిన ముక్కలన్నీ ఫోల్డరులో ఉన్నాయి. 412. పేర్లు: ఆడియో 1, ఆడియో 2, ఆడియో 3. ఏది ఎక్కడ కుట్టాలో మహారాణికి తప్ప ఎవరికీ తెలీదు. రోజంతా కూర్చుంటే నలభై సెకన్లు కుట్టగలిగాను. అందులోనూ ఫ్లూట్ తలకిందులుగా ఉంది.

జ్ఞానికి ఫోన్ చేశాను. "పని మధ్యలో ఎవరైనా అప్‌డేట్ చేస్తారటయ్యా?" అన్నాడు. వీడి జ్ఞానం తగలెయ్య!

"వదినకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది మా ఆవిడ. రేపు నేనే వెళ్తాను.

తారీఖు 17, మంగళవారం

వెళ్ళాను. అక్క డాన్సు స్కూలు హాల్లో ఒక్కతే ఉంది. మోకాలికి పట్టీ చుట్టుకుంటోంది. నిలబడే చెప్పేశాను: పాట లేదక్కా.

పట్టీ చుట్టడం పూర్తి చేసింది. ముడేసింది. అప్పుడు తలెత్తింది.

"కిందటేడు తిట్టాల్సినవన్నీ తిట్టేశాను. కొత్తవేం లేవు."

నాకు ఏడుపొచ్చేసింది. నలభై ఆరేళ్ళ మనిషిని, చెప్పుల స్టాండు పక్కన నిలబడి ఏడ్చాను.

"ఆపరా" అంది. "రెండు వారాల్నించి నీ బల్లకే కదా ఆడుతున్నాను. ఈ కాలికి ఆ నడకే అలవాటైంది. ఇప్పుడు నువ్వు వయొలిన్లూ అవీ తెస్తే ఎక్కడ తూలిపడతానోనని నాకే భయంగా ఉంది. ఇదే పెడదాం."

"నాలుగో నిమిషంలో తిట్టుందక్కా!"

"తెలుసు. అక్కడ ఆగుతాను. మోకాలికి కాస్త విశ్రాంతి." లేచి నిలబడింది. "నీ పాట మొదటి రోజే అయిపోయిందిరా. తర్వాత పదిహేను రోజులూ ఏం చేశావు?"

ఈ డైరీ చూపిస్తే సరిపోయేది.

తారీఖు 19, గురువారం

మధ్యాహ్నం 3:00. హాలు నిండింది. దీపాలు తగ్గాయి. స్పీకర్లలోంచి మా బల్ల! వెనకాల నా బొంగురు గొంతు. కుర్చీ కిర్రుమనడం కూడా వినిపించింది. ఇంట్లో ఎవరో తలుపు వేశారు, అదీ వినిపించింది. నేను సీట్లో కిందికి జారిపోయాను.

అక్క ఆడుతోంది. మోకాలి సంగతి నాకు తెలుసు కాబట్టి సరిపోయింది, తెలియనివాళ్ళకి తెలిసే అవకాశమే లేదు.

నాలుగో నిమిషం. హాలంతా మారుమోగుతూ నా గొంతు: "నీ మొహం మండ, మళ్ళీ చచ్చావా!"

అక్క ఉన్నచోటే ఆగింది. నడుం మీద చెయ్యి పెట్టింది. మెల్లగా అటు తిరిగి, ఆ కనపడని మనిషిని ఎగాదిగా చూసింది. హాలు గొల్లుమంది. బల్ల మళ్ళీ మొదలైంది, అక్క మళ్ళీ కదిలింది. చివరి దెబ్బకి స్టేజి మీద కూర్చుని నేలకి అరచెయ్యి ఆనించింది. లేవలేకపోయింది. ఇద్దరు శిష్యురాళ్ళు వచ్చి లేపారు. జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. నేను కొట్టలేదు, కళ్ళు తుడుచుకుంటున్నాను.

బయట జ్ఞాని నా భుజం పట్టుకున్నాడు. "ఆ దెబ్బ శబ్దం అద్భుతం! ఏం ప్లగిన్ అది?"

"టేకు" అంది మా ఆవిడ.

తారీఖు 27, శుక్రవారం

ఉదయం 9:00. ఆపరేషన్ బాగా జరిగింది. అక్క మంచం మీంచే పెత్తనం మొదలెట్టింది. వచ్చే ప్రదర్శనకి పిల్లలకి పాట కావాలట. బల్ల మాత్రం మార్చొద్దట.

9:15. ఒట్టు! సొరుగులోంచి కాగితం తీసి మళ్ళీ అంటించాను. ముట్టుకోను!

10:00. మహారాణిని తెరవకుండానే బల్ల వాయించి, ఫోన్‌లో రికార్డు చేసి అక్కకి పంపాను. తెలివంటే ఇదీ.

10:20. అక్క ఫోన్. "బాగుంది గానీ, ఇందులో తిట్టు లేదేంట్రా? పిల్లలు ఎక్కడ ఆగాలి?"

10:30. తిట్టి చూశాను. నాటకంలా ఉంది. సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న మా ఆవిడ పక్కగదిలోంచి నవ్వింది.

10:45. తిట్టు నిజంగా రావాలి. మహారాణిని తెరిచాను. కొత్త వెర్షన్ వచ్చిందట. ఇది పాట కోసమే కాబట్టి ఒట్టు కిందకి రాదు. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, బల్ల వాయిస్తూ, అప్‌డేట్ నొక్కాను.

11:30. పోలేదు. పాతికేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నట్టు నిశ్చింతగా నడుస్తోంది.

12:05. చేతులు వాచాయి. ఇంకా పోలేదు! "నీ మొహం మండ, ఎప్పుడు చస్తావే!"

12:06. రికార్డయింది. అక్కకి పంపాను. ఒట్టు రేపణ్ణించి.