డాక్టరుగారి సోఫా

ప్రియమైన చిన్నోడికి,

అన్నయ్య రాస్తున్నాను. ఇది ఇరవై ఒక్క ఏళ్ళ కిందటి చిరునామా. నువ్వక్కడ లేకపోతే, ఈ ఉత్తరం విప్పినవాళ్ళు దయచేసి ఒక కార్డు ముక్క రాయండి.

నిన్న డాక్టరుగారి పెద్ద సోఫా మన దుకాణానికి రిపేరుకి వచ్చింది. స్ప్రింగులు కుంగాయి. అడుగు గుడ్డ విప్పి పీచు లాగితే నీ ఉత్తరం బయటపడింది, నువ్వు చేరబోయే బస్సుల షెడ్డు చిరునామాతో సహా. నువ్వు వెళ్ళిన రోజు బల్ల మీద పెట్టినట్టున్నావు. సీటు నింపేటప్పుడు పొరపాటున కాగితాలతో కలిసి లోపలికి పోయింది.

"ఇకనైనా నా చేతికి కత్తెర ఇస్తానంటే ఒక్క ముక్క రాయి, తిరిగొస్తా. రాయకపోతే నేను అక్కర్లేదనుకుంటా" అని రాశావు. నేను రాయలేదు. నువ్వు రాలేదు.

నువ్వు కనబడటం లేదని పోలీసులకి చెప్పాం. హెడ్డుగారు ఫొటో అడిగితే ఇంట్లో ఒక్కటే దొరికింది, నువ్వు బీరువా మోస్తున్నది. సగం మొహమే కనిపిస్తుంది. దాంతోనే ఆయన చాలా ఊళ్ళు తిరిగారు. ఆయన రిటైరయ్యారు గానీ నీ ఫైలు ఇంకా అలాగే ఉంది.

వదిన కులాసా. బతికే ఉన్నావా?

జవాబు కోసం చూసే
అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకి,

బతికే ఉన్నాను. జుట్టే పోయింది.

అదే షెడ్డులో బస్సు సీట్లు కుడుతున్నాను. చేరిన రోజే కత్తెర ఇచ్చారు, ఆ రోజే రెండు గజాల రెక్సిన్ పాడుచేశాను. నువ్వెందుకు ఇవ్వలేదో అప్పుడు తెలిసింది. నీకు చెప్పుకోవాలనిపించింది. పోస్టుమ్యాను కోసం ఏడాదంతా గేటు దగ్గర నిలబడ్డాను. తర్వాత మానేశాను.

ఇంట్లో మా ఆవిడ, ఇద్దరు అమ్మాయిలు. నాకెవరూ లేరని చెప్పి పెళ్ళి చేసుకున్నాను. నీ ఉత్తరం ముందు, షెడ్డుకి క్యారేజీ తెచ్చిన ఆవిడ చేతిలోనే పడింది. రెండు రోజులు క్యారేజీ తేలేదు. మూడో రోజు, "ఇంకా ఎంతమందిని దాచావు?" అంది.

రావాలనే ఉంది. కానీ ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. సీటులోకి నువ్వెప్పుడూ పాత న్యూస్ పేపరే పెట్టేవాడివి. గట్టి కాగితం పెడితే కూర్చున్నప్పుడల్లా చప్పుడవుతుందని నన్ను తిట్టేవాడివి కూడా. నా ఉత్తరం మందపు కవరులో ఉంది, పైన నీ పేరు బొటనవేలంత అక్షరాలతో రాశాను. అది పొరపాటున ఎలా పోతుంది? ఇది తేలకుండా నీ గడప తొక్కలేను.

చిన్నోడు

*

ప్రియమైన చిన్నోడికి,

పొరపాటు కాదు.

కవరు చూశాను. నీ చేతిరాతా చూశాను. ముందురోజు గొడవ తాలూకు కోపం దిగలేదు. ఏం రాసుంటాడులే, రేపు చూద్దాం అనుకుని విప్పకుండానే సీటులోకి తోసి మేకులు కొట్టేశాను. తెల్లారి నేను దుకాణం చేరేసరికి డాక్టరుగారి మనుషులు సోఫా తీసుకుపోయారు.

వెంటనే వెళ్ళాను. సోఫా నిండా రోగులు. లేవండి, లోపల మా తమ్ముడి ఉత్తరం ఉందని చెప్పలేకపోయాను. గంట కూర్చున్నాను. డాక్టరుగారు నన్నూ రోగి అనుకుని పిలిచి, బీపీ చూసి మాత్రలు రాశారు. వారం తర్వాత హెడ్డుగారు వదిన ముందు, "ఏమైనా రాసిపెట్టి వెళ్ళాడా?" అని అడిగారు. లేదన్నాను. అన్నాక ఆ మాట వెనక్కి తీసుకోవడం చేతకాలేదు.

సోఫా ఊరికే బాగుచేస్తానని ఎన్నిసార్లు అడిగానో. "నీ పని గట్టిదయ్యా, చెక్కుచెదరలేదు" అనేవారు డాక్టరుగారు. నెలకోసారి వెళ్ళి దాని మీద కూర్చునేవాణ్ణి. కింద నీ కాగితం గరగరమనేది. నువ్వు గొణుగుతున్నట్టే ఉండేది. ఊళ్ళో నా అంత క్రమంగా బీపీ చూపించుకున్నవాడు లేడు.

నిన్న వదినకి చెప్పాను. భోజనం పెట్టింది గానీ ఎదురుగా కూర్చోలేదు.

నువ్వు రాకపోయినా తప్పు నీది కాదు.

అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకి,

నీ ఉత్తరం ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మాత్రలు రాసిన చోట మా చిన్నమ్మాయి పడి పడి నవ్వింది. నేనూ నవ్వాను. కాగితం గరగర దగ్గర ఆపేశాను. మిగతాది మా ఆవిడ చదివింది.

కోపం రాలేదని చెప్పను. రెండు పూటలు ఉంది. ఆ కోపంలో పదకొండు సీట్లు కుట్టాను, పదకొండూ వంకరే. తర్వాత ఆలోచిస్తే, నువ్వు ఒక ఉత్తరాన్ని దాచావు, నేను బతికున్న అన్నయ్యనే దాచేశాను. ఎవరిది పెద్ద తప్పో తేల్చాలంటే ఎదురుబదురు కూర్చోవాలి.

ఆదివారం పొద్దున్న బస్సుకి నలుగురం వస్తున్నాం. పోలీసు స్టేషనుకి సోమవారం వెళ్ళి నా ఫైలు మూయిద్దాం. వదినకి నేను సర్దిచెబుతాను.

బస్టాండుకి మాత్రం రావద్దు. నువ్వక్కడ ఏమీ మాట్లాడకుండా నిలబడతావు, నేను నలుగురిలో ఏడుస్తాను. ఇంట్లోనే ఉండు.

వస్తున్న
తమ్ముడు