తెర మీది కబురు

తమ్ముడు దౌరెన్‌కు,

మా ఆసుపత్రికి నువ్వు రాసిచ్చిన ప్రోగ్రాం బాగానే నడుస్తోంది. ఒక్కటి మార్చాలి.

నిన్న షొల్పాన్ తన భర్తకు గొర్రెమాంసం చారు తెచ్చింది. లోపలికి వెళ్లే చీటీ ఇవ్వడానికి నేను అతని పేరు కొట్టగానే తెర నిండా పెట్టె తెరుచుకుంది: "ఈ రోగి మరణించారు." కింద "సరే" అన్న మీట ఒక్కటే. మన కజఖుల్లో చావు కబురు పెద్దవాళ్లు పక్కన కూర్చుని చెప్పాలి కదా. తెర పక్కకు తిప్పేసి, "చీటీ ఆలస్యమయ్యేట్టుంది, చాయ్ తాగమ్మా" అన్నాను. వాళ్ల పెద్దలకు ఫోన్ చేయించాను.

ఆ పెట్టె తీసెయ్. పేరు పక్కన నాకు మాత్రమే తెలిసేలా చిన్న చుక్క పెట్టు, చాలు.

పెద్దలు గుమ్మంలో కనబడ్డాక షొల్పాన్ ఖాళీ కప్పు నా చేతికిచ్చింది. "అక్కా, నేనప్పుడే చదివేశాను. దాచడానికి నువ్వంత అవస్థ పడుతుంటే చెప్పబుద్ధి కాలేదు" అంది.

మీ అక్క