జేబులో పదమూడు మాత్రలు

జనవరి 18
ప్రియమైన ఇసోఎ,
ఇక్కడ బట్టీ చుట్టూ మంచు నడుము లోతున పడింది. పెద్ద తొట్టికి కోజి పట్టడం మొదలుపెట్టాం. ఉడికిన బియ్యం మీద ఆ తెల్లబూజు సరిగా అల్లుకుంటేనే ఈ ఏటికి సాకే, మన బియ్యపు మద్యం, దిగేది. ఒక చిన్న సంగతి. నిన్నటి నుంచి ఎడమ బీజం వాచి ముట్టుకోనివ్వడం లేదు. మూత్రం మంట. బస్తా ఎత్తినందుకే అయ్యుంటుంది. ఫోను ఆఫీసులో, చుట్టూ పది చెవులు. అందుకే ఉత్తరం.
నీ తోకుజిరో

జనవరి 19
ప్రియమైన తోకుజిరో గారికి,
బస్తా ఎత్తితే మూత్రం మండదు. ముప్పై నాలుగేళ్లు సైన్సు చెప్పినదాన్ని. బీజం మెలిపడి ఉంటే గంటల్లో చచ్చిపోతుంది. మీ యజమాని భార్యకు ఇప్పుడే ఫోను చేసి, "మా ఆయన్ని ఈ పూటే ఆసుపత్రికి తోలండి" అన్నాను. జబ్బు పేరు చెప్పలేదు. మీ పరువు భద్రం.
ఇసోఎ

జనవరి 22
ప్రియమైన ఇసోఎ,
డాక్టరు మన మనవరాలి ఈడు పిల్ల. నేను నసుగుతుంటే, "తాతగారూ, సిగ్గు ఆ కొక్కేనికి తగిలించి వచ్చి పడుకోండి" అంది. స్కాన్‌లో రక్తం బాగానే పారుతోందట, మెలిక లేదు. ముసలితనంలో మూత్రం నిలిచిపోయి, అందులోని క్రిమి బీజం వెనకున్న సన్నని గొట్టంలోకి దిగిందట. మూత్రం పరీక్షకు పంపింది. పద్నాలుగు మాత్రలు, రోజుకొకటి. పడుకుని కింద తువ్వాలు మడత పెట్టాలి, చల్లని గుడ్డ వేయాలి, గోచీ బిగించాలి. నువ్వు కుట్టిన గోచీ మందుల చీటీకెక్కింది! నాలుగు మాత్రలు మింగాను. మాసిన బట్టలు పార్సిల్ చేశాను.
నీ తోకుజిరో

జనవరి 24
తోకుజిరో గారికి,
మీ చొక్కా జేబులో పదమూడు మాత్రలు దొరికాయి. పద్నాలుగులో నాలుగు పోతే పది. మూడు సార్లు లెక్కపెట్టాను.
మళ్లీ ఫోను చేశాను. "ముప్పైతొమ్మిదిన్నర డిగ్రీల జ్వరమమ్మా, ఒళ్లు కాలిపోతోంది, అయినా కోజి గది వదలడు, మొండి మనిషి!" అంది యజమానురాలు. మిమ్మల్ని ఆసుపత్రికి కారెక్కించేదాకా నేను ఫోను పెట్టలేదు. ఎందుకు మింగలేదు? ఈసారి నిజం రాయండి.
ఇసోఎ

జనవరి 27
ప్రియమైన ఇసోఎ,
ఆసుపత్రి మంచం మీద రాస్తున్నాను. పరీక్ష ఫలితం చూసి మందు మార్చారు, సూదిలోంచి ఎక్కిస్తున్నారు. చీము గూడు కడితే కోయాలి, బీజమే తీసేయాల్సి రావచ్చంది డాక్టరమ్మ.
నిజం ఇదీ. ఆ పిల్ల, "ఇది క్రిములను చంపే మందు" అంది. పులియబెట్టిన సోయాగింజల క్రిమి చేతికంటి కోజిని పాడుచేస్తుందని, చలికాలమంతా వాటిని ముట్టని వాళ్లం. మరి ఈ మందు నా చెమటలో దిగి కోజినే చంపితే? మొదటి మాత్ర మింగాక భయమేసి ఆపేశాను. సూది తీశాక ఇంకో రెండు వారాలు మాత్రలట. మింగితే కోజి గదిలో అడుగు పెట్టను. పెట్టకపోతే నేనెవర్ని? నలభై ఒక్క చలికాలాలు, ఇసోఎ. మాత్రలు వద్దని చెప్పేశాను.
తోకుజిరో

జనవరి 30
ప్రియమైన తోకుజిరో గారికి,
మీ సొరుగులోని కోజి విత్తనం, ఆ బూజు పొడి, తీశాను. బియ్యం ఉడికించి రెండు పెట్టెల్లో సర్దాను. డాక్టరమ్మ మార్చేసిన ఆ పాత మాత్రల్లో ఒకటి నూరి, ఒక పెట్టెలో మీ చెమటలో దిగేదానికి వంద రెట్లు కలిపాను. రెండింటినీ దుప్పటి కింద ఉంచి, రెండు రోజులు గంటగంటకూ వేడి కొలిచి రాశాను. పెట్టెలూ, ఆ కాగితాలూ ఈ పార్సిల్‌లోనే పంపుతున్నాను.
పెట్టెలకు ఒకటి, రెండు అని మాత్రమే అంకెలు వేశాను. మందు ఎందులో ఉందో సీలువేసిన కవరులో డాక్టరమ్మకు పంపాను. నోట్లో వేసుకోకండి, వాసన చూసి చెప్పండి. కొత్త మాత్రలూ క్రిములను చంపేవే, బూజును కాదని డాక్టరమ్మ ఫోనులో అంది. తేడా చెప్పగలిగితే మాత్రలు మాన్పించమని నేనే ఆవిడ కాళ్లు పట్టుకుంటాను. చెప్పలేకపోతే మీరేం చేయాలో మీకు తెలుసు.
మీ కోసం రెండు రాత్రులు నిద్ర లేని
ఇసోఎ

జనవరి 31
ప్రియమైన ఇసోఎ,
రెండు పెట్టెలూ మూడుసార్లు వాసన చూశాను. తేడా లేదు. రెండింటికీ వేడి కాస్త ఎక్కువైంది, నీ చేతికి తొందరెక్కువ.
డాక్టరమ్మను మాత్రా, మంచినీళ్లూ ఇమ్మన్నాను.
నీ తోకుజిరో