అత్తగారి ఐదో గీత

2003 నవంబర్ 11, మంగళవారం

హార్కర్ జట్టుతో మా యూనివర్సిటీ వందో మ్యాచ్ ఇరవై రెండున. యూనివర్సిటీ వాళ్లకి ఎగ్జిబిషన్‌లో పెట్టడానికి పాత వస్తువులు కావాలట. వంటింటి అలమరలోంచి అత్తగారు ఐలీన్ నోట్‌బుక్‌లు తీశాను. బతికున్నన్నాళ్లూ ఏ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచూ వదల్లేదావిడ. మావాళ్ల చేతికి బంతి వచ్చినప్పుడల్లా ఒక గడి, అందులో ఛాన్స్‌కో గీత. శుభ్రంగా ఎత్తి రాస్తున్నాను.

నవంబర్ 13, గురువారం

1949 హార్కర్ మ్యాచ్‌కి వచ్చాను. వాన, ఆఖరి నిమిషం, నాలుగో ఛాన్స్, మా గెలుపు. ఇప్పటికీ ఆఖరి క్వార్టర్ మొదలయ్యే ముందు స్టేడియమంతా నాలుగు వేళ్లు ఎత్తేది దాని గుర్తుగానే.

కాగితం మీద ఆ ఆఖరి గడిలో ఐదు గీతలున్నాయి.

సాయంత్రం 5:20

మూడుసార్లు చూశాను. ఐదే. పది గజాలు దాటడానికి ఏ జట్టుకైనా నాలుగే ఛాన్సులు. అత్తగారు పొరబడిందనుకుందామంటే, జాడీలో దోసకాయ ముక్కలు కూడా లెక్కపెట్టి మూత బిగించే మనిషి. పైగా ఆ రోజు మైదానం అంచున నిలబడి, ఎన్నో ఛాన్సో చూపించే నంబర్ పలక పట్టుకున్నది మామగారే.

నవంబర్ 14, శుక్రవారం

మా ఆయన గ్లెన్‌కి చూపించాను. ఆ పేజీ పొయ్యిలో పడెయ్, హార్కర్ వాళ్లకి తెలిస్తే ఇంకో వందేళ్లు మనల్ని ఏడిపించుకు తింటారు అన్నాడు. శనివారం మైదానం మధ్యలో నాన్న చేతికి ఆ పాత పలకే ఇస్తున్నారు, ఆయన వేళ్లెత్తాకే జనం ఎత్తాలట, ముసలాయన పరువు తీస్తావా అని కూడా అన్నాడు.

పేజీ పొయ్యిలో వేయలేదు. కాపీలో ఆ గడి ఖాళీగా వదిలాను.

నవంబర్ 16, ఆదివారం

మామగారు భోజనానికొచ్చారు. నేనింకా నోరు విప్పకముందే, గుమ్మడికాయ తీపి ‘పై’ కోసుకుంటూ, ఏమ్మాయ్, 1949 దాకా వచ్చావా అని అడిగారు.

వచ్చానన్నాను.

వాన చలికి వేళ్లు కొయ్యబారిపోయాయమ్మా, పలక తిప్పడం మర్చిపోయాను, రెండో నంబరు రెండుసార్లు నిలబెట్టాను, రిఫరీ నన్నే చూసి లెక్క పెట్టాడు అన్నారు. మీ అత్తకి ఆవేళే తెలుసు, అప్పటికింకా మాకు పెళ్లి కాలేదు, నువ్వే చెబుతావులే అంది, మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు ఆ మాట అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. అందరూ నాలుగు వేళ్లెత్తే వేళ అత్తగారి చేతులు కోటు జేబుల్లోనే ఉండేవి. కీళ్లనొప్పులనేది.

గ్లెన్ ప్లేటు తీసుకుని లేచిపోయాడు. యాభై నాలుగేళ్లు మింగినవాడివి, ఇంకొక్క శనివారం మింగలేవా నాన్నా అన్నాడు వంటింట్లోంచి.

మామగారు కోసుకున్న ‘పై’ ముక్క తినకుండానే వదిలేశారు.

నవంబర్ 21, శుక్రవారం

ఎగ్జిబిషన్‌కి కాపీ ఇవ్వడానికి రేపు ఆఖరి రోజు. గడి ఇంకా ఖాళీగానే ఉంది. వాన పడేలా ఉంది.

నవంబర్ 22, శనివారం

మామగారు పలక కింద పెట్టి చెయ్యెత్తారు. ఐదు వేళ్లూ విప్పి, చాలాసేపు. చెయ్యి ఊపుతున్నారనుకుని జనమంతా ఊపారు. అవతల హార్కర్ వైపు ఒక ముసలాయన మాత్రం లేచి టోపీ తీశాడు.

గడి నింపాను.