పదమూడు మృగశిరలు

వికారాబాదు నివాసి, కీ.శే. ఎంకయ్య కుమారుడు, బడిపంతులుగా రిటైరైన జకరయ్య అను నేను, వయస్సు అరవై తొమ్మిది, మోకాళ్లు తప్ప తక్కినవన్నీ సరిగా పనిచేస్తుండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, 1948లో నా బావమరిది తప్పిన మాటను జ్ఞాపకం చేసుకుంటూ రాస్తున్న వీలునామా.

1. తాండూరులో ఉండే ఆ బావమరిది ఎల్లప్పకు ఏమీ ఇవ్వడం లేదు. ఆ ఏడు మా పాస్టరుగారు కార్తెలు చూడడం అన్యుల ఆచారమన్నారు. చదువుకున్నవాణ్ణి గనుక నేను క్యాలెండరు చూసి, మృగశిరకు రెండు వారాల ముందే కంది విత్తాను. వాన రాలేదు. విత్తనమంతా చీమలు మోసుకుపోయాయి. అలా జరిగితే తన విత్తనపు కుండలో సగం పంపుతానని ఎల్లప్ప మాట ఇచ్చి ఉన్నాడు. పిడికెడు కూడా రాలేదు. చేను బీడుపడింది. అప్పటినుంచి మాటల్లేవు.

2. నా బైబిలు కుమార్తె మార్తకు. అందులో, అంతా వ్యర్థమని విసిగిపోయిన ఆ రాజు పేజీలు బాగా నలిగి ఉంటాయి. పొద్దు పొడిచిన చోటికే మళ్లీ పోతుందనీ, నదులెన్ని పోసినా సముద్రం నిండదనీ ఆయన గోడు. అనంతగిరిలో మూసీ పుట్టిన చోట కూర్చుని ఎన్నిసార్లు చదివానో. లోకంలో నాతో ఏకీభవించినవాడు ఆయనొక్కడే. అంచుల్లో నేను రాసిన వాదనలు చెరపరాదు.

3. ఇంతవరకు రాసి నా భార్య రాహేలమ్మకు చదివి వినిపించాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది: "మా తమ్ముడు పంపిండు. నేనే వాపస్ పంపిన. ఇత్తనానికో యాళ్ల ఉంటదని గా రాజే రాసిండుగద. నీకు సదువొస్తది గని పంతులూ, ఇనుడు రాదు. ఒక్క ఏడు చేను ఊకుంటే నీకు ఎర్కైతదనుకున్న."

కొట్టివేతలుంటే వీలునామా చెల్లదని వకీలు అంటాడు. కాబట్టి ఒకటో అంశాన్ని సిగ్గుతో అలాగే ఉంచి, దాన్ని ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను.

4. నా కంది విత్తనపు కుండ, పురుగు పట్టకుండా కలిపిన బూడిదతో సహా, ఎల్లప్పకు. రెండెకరాల చేను మార్తది. మొదటి సాలు మాత్రం ఏటా ఎల్లప్పే విత్తాలి.

5. రాజుగారితో ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. తిరిగి తిరిగి రావడం వ్యర్థం కాదు. ఎల్లప్పతో కలిసి విత్తమని పదమూడు మృగశిరలు గుమ్మం దాకా వచ్చి పిలిచాయి. పోనివాణ్ణి నేను. పదకొండు రోజుల్లో పద్నాలుగోది వస్తుంది. రేపే కుండ ఎత్తుకుని తాండూరు రైలెక్కుతాను. ఈలోగా పోతే మార్త తీసుకెళ్లాలి. అతను తలుపు తీస్తాడో లేదో తెలియదు.

6. ఇల్లు, బర్రె, ఆఖరి మాట రాహేలమ్మవి. ఆఖరి మాట ఎలాగూ ఆమె దగ్గరే ఉంది.



1962 మే 28, వికారాబాదు.
(సంతకం) జకరయ్య
సాక్షులు: బీరయ్య, పూడూరు (వేలిముద్ర), అనంతయ్య, వికారాబాదు.