నైరుతిలో ఓకా నది

ఆగస్టు 4, 1991

సినిమాలో పని దొరికింది! నటన కాదు, రష్యన్. చలపతిరావు గారని నిర్మాత. కొత్త సినిమాలో రెండు పాటలు రష్యాలో, వోల్గా ఒడ్డున నీజ్నీ నొవ్‌గొరద్‌లో తీస్తారట. క్లోజప్పులకి అదే ఊరి సెట్ ఫిల్మ్ నగర్ స్టూడియోలో వేస్తున్నారు. ఊరెలా ఉంటుందో చెప్పే మనిషి కావాలి. మోతీనగర్‌లో రష్యన్ ట్యూషన్లు చెప్పుకునే నేను దొరికాను. సెట్ బాగా కుదిరితే అక్టోబర్‌లో ఇంటర్‌ప్రెటర్‌గా తీసుకెళ్తామన్నారు.

పాస్‌పోర్ట్ ఫొటోలో పెళ్లిచూపులకి కూర్చున్నట్టు వచ్చాను.

అదే రోజు, సాయంత్రం

నాకు రష్యన్ నేర్పిన వేరా మేడమ్‌ది ఆ ఊరే. వ్యాకరణం మధ్యలో ఆపేసి చెప్పేవారు. ఓకా నది వచ్చి వోల్గాలో కలిసే చోట ఉందట ఊరు. రెండు నీళ్లకీ రెండు రంగులు. కలిసిన తర్వాత కూడా కొంతదూరం పక్కపక్కనే నడుస్తాయట. మేమూ వచ్చి చూస్తాం మేడమ్ అంటే నవ్వేవారు. ఆయుధాల ఫ్యాక్టరీలున్న ఊరు, విదేశీయుల్ని రానిచ్చేవారు కాదు. ఇప్పుడిప్పుడే తలుపులు తీస్తున్నారు.

ఆగస్టు 9

ఆర్ట్ డైరెక్టర్ త్రినాథరావు గారిది రాజమండ్రి. నేను చెప్తుంటే ఆయన బొమ్మ గీస్తున్నారు. ఏడొందల డెబ్భై ఏళ్ల కిందట ఒక రాజు రెండు నదులు కలిసే చోట కోట కట్టించాడు. దక్షిణాన ఎత్తు గట్టు, దాని మీద ఎర్రిటుకల గోడ. ఉత్తరాన వోల్గా, అవతల పల్లపు పచ్చిక. సంగమం దగ్గర మొన మీద ఒకప్పుడు పెద్ద సంత. చైనా టీ, సైబీరియా ఉన్ని తోళ్లు. వసంతంలో వరదొచ్చి ఆ నేలంతా మునిగేది. అయినా వేసవికి మళ్లీ సంత పెట్టేవారు. అయితే మన లంకల్లాగేనండీ అన్నారు త్రినాథరావు గారు. అప్పటి నుంచీ ఆయనకి ఏదీ రెండోసారి చెప్పక్కర్లేకపోయింది.

వెలుతురు కోసం సెట్‌ని అసలు దిక్కులకే వేస్తున్నారు.

ఆగస్టు 16

సిద్ధాంతి వీరరాఘవయ్య గారొచ్చారు. ఆయన్ని అడగందే చలపతిరావు గారు కుర్చీ కూడా జరపరు. ప్లాన్ చూసి సిద్ధాంతి గారు మురిసిపోయారు. దక్షిణం ఎత్తు, ఉత్తరం పల్లం, ఉత్తరాన పారే నీళ్లు, ఆ రాజుకి మన శాస్త్రం తెలుసండీ అన్నారు. నేను ఉబ్బిపోయి, ఇంకో నది కూడా ఉందండీ, ఓకా, నైరుతి నుంచి వస్తుంది అన్నాను.

ఎడమ పక్క నుంచి అంటే నా సొమ్మేం పోయేది?

నైరుతిలో నీళ్లేంటండీ, కొంప మునుగుతుంది, ముందు అది పూడ్పించండి అన్నారు సిద్ధాంతి గారు. గోదావరి పుష్కరాలు జరుగుతుంటే సంగమాన్ని పూడుస్తారా అన్నాను. అది వేరే శాస్త్రం, ఇది వేరే శాస్త్రం, రెంటినీ కలపకండమ్మా అన్నారు.

ఆగస్టు 19

మాస్కో వీధుల్లోకి ట్యాంకులొచ్చాయట. రేడియోలో చెప్పారు. వేరా మేడమ్ ఎలా ఉన్నారో. చూశారా నైరుతి దెబ్బ, అన్నారు చలపతిరావు గారు. ఇలాంటప్పుడు నవ్వు రావడం తప్పే. వచ్చింది.

ఆగస్టు 22

అక్కడ సద్దుమణిగింది. ఇక్కడ మొదలైంది.

డైరెక్టర్ రామకృష్ణ గారు ఓకా మీద మనసు పడ్డారు. రెండు రంగుల నీళ్ల మధ్య హీరోయిన్ పడవ ఆయన కళ్లలోనే ఉందట. సత్యలక్ష్మి గారు, అంటే నేను, అక్కర్లేదంటేనే తీసేస్తానని పట్టు పట్టారు. చలపతిరావు గారు నన్ను పిలిచి కాఫీ ఇప్పించారు. ఆ రెండో నది అంత ముఖ్యం కాదని రేపు అందరి ముందూ ఒక్క మాట అనండమ్మా, టికెట్ మీ పేరనే తీయిస్తా అన్నారు. లేకపోతే రష్యన్ వచ్చిన కుర్రాడొకడు మా బావమరిదికి తెలుసు అన్నారు, ఎంతో మర్యాదగా.

అంటే ఓకాని చూడాలంటే ఓకా అక్కర్లేదనాలి.

ఆగస్టు 23, తెల్లవారుజాము

కల. గోల్కొండ కోట కింద నుంచి ఓకా వస్తోంది. టోలిచౌకి దుకాణాల మధ్య నుంచి తీరిగ్గా, గోధుమ రంగులో. గట్టు మీద చైనా టీ అమ్మే ఆయన నన్ను ఏ ఊరమ్మా అని తెలుగులో అడిగాడు. ఈ ఊరే అన్నాను. లేచాక కూడా అబద్ధమాడినట్టు అనిపించలేదు.

సాయంత్రం

అనలేకపోయాను. నాలుక చివరిదాకా వచ్చింది, వెనక్కి పోయింది. ఓకా లేకపోతే కోట లేదు, సంత లేదు, అసలా ఊరే లేదండీ అన్నాను. నా మాట రామకృష్ణ గారికి నచ్చింది. నిర్మాత మాట నెగ్గింది.

ఆగస్టు 24

సెట్‌లో ఓకాని తవ్విన కూలీ రాములే పూడ్చాడు. పార ఆపి నా ముఖం చూశాడు. ఫికర్ చెయ్యకు అమ్మా, నీళ్లకు తొవ్వ ఎరుకే అన్నాడు. బస్‌స్టాప్‌లో నిలబడి ఏడ్చాను. ఎవరో కంట్లో నలక పడిందా అని అడిగారు, అవునన్నాను.

అక్టోబర్ 10

యూనిట్ వెళ్లిపోయింది. ఆ కుర్రాడూ వెళ్లాడు.

అక్టోబర్ 11

పొద్దున స్నానానికి బకెట్ నింపుకుని, అలవాటుగా గంగా, యమునా, గోదావరీ అనుకున్నాను. ఓకా, అంది నోరు. ఆ చెంబు పోసుకున్నాను. రెండో చెంబు వోల్గా.

నా నెత్తి మీదే కలిశాయి.